నాన్నగారి డిశ్చార్జి బుక్కులో పతకాలు లేవు, స్పర్శ్‌లో పుట్టినతేదీ వేరు: ముందు ఏది పట్టుకోవాలి?

కృష్ణలంక

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఆర్టిలరీలో 1983 ఫిబ్రవరిలో చేరి 2003 డిసెంబరులో హవల్దారుగా పింఛనుతో వచ్చారు. ఇప్పుడు కాగితాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఏదీ దేనితోనూ కలవడం లేదు.

పుట్టినతేదీ డిశ్చార్జి బుక్కులో 06-01-1964, రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ స్పర్శ్‌లో 01-06-1964, ఆధార్‌లో 01-01-1964. అమ్మ పేరు డిశ్చార్జి బుక్కులోనూ పి.పి.ఓ. (పింఛను చెల్లింపు ఉత్తర్వు)లోనూ సుబ్బమ్మ, ఆధార్‌లో వెంకట సుబ్బలక్ష్మి. పతకాల గడిలో 9 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్, స్వాతంత్ర్య స్వర్ణోత్సవ పతకం, ఈ రెండే ఉన్నాయి. 1991లో వేరే రెజిమెంటుకు అటాచ్ చేసి సియాచిన్ పంపారు, 1999లో ద్రాస్‌లో ఉన్నారు, 2002లో ఆపరేషన్ పరాక్రమ్‌కి రాజస్థాన్ సరిహద్దులో ఉన్నారు. ఇవేవీ లేవు.

ఎవరికి రాయాలి? అన్నీ ఒకే ఉత్తరంలో రాయొచ్చా? పతకాల వల్ల పింఛను ఏమైనా పెరుగుతుందా?

గోదారిగట్టు

నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి, అన్నీ ఒకే అర్జీలో పెట్టి ప్రయాగ్‌రాజ్ పి.సి.డి.ఎ. పెన్షన్స్‌కి పంపండి. పింఛను ఇచ్చేది వాళ్లే కాబట్టి వాళ్లే సరిచేస్తారు.

కాగితాల సుబేదార్

గోదారిగట్టు గారూ, అలా పంపితే అర్జీ తిరిగొస్తుంది, లేదా ఏ జవాబూ లేకుండా పడి ఉంటుంది. పి.సి.డి.ఎ. వాళ్లు సొంతంగా పేరు గాని తేదీ గాని మార్చరు. జవాన్ల సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసు పంపిన దాన్ని బట్టి పి.పి.ఓ. కొడతారు, మళ్లీ రికార్డ్ ఆఫీసు చెబితేనే కొరిజెండమ్ పి.పి.ఓ., అంటే దిద్దిన పి.పి.ఓ., ఇస్తారు. పతకాలతో వాళ్లకు సంబంధమే లేదు.

కృష్ణలంక గారూ, మీ పనంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది: తప్పు ఏ కాగితంలో పుట్టింది? జవాను చేరినప్పుడు తెరిచే అసలు సర్వీసు రికార్డు షీట్ రోల్. మిగతావన్నీ దాని పిల్లలు. పెళ్లి, పిల్లలు, ప్రమోషను, బదిలీ, అటాచ్‌మెంటు, గాయం, ఏది జరిగినా యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ ప్రచురిస్తుంది, దాన్ని చూసి రికార్డ్ ఆఫీసు షీట్ రోల్‌లో ఎక్కిస్తుంది. డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ. రెండూ అందులోంచి ఎత్తి రాసినవే. స్పర్శ్‌లోకి పాత పింఛనుదార్ల వివరాలు పి.పి.ఓ.ల నుంచీ బ్యాంకుల నుంచీ వచ్చాయి.

షీట్ రోల్‌లో సరిగ్గా ఉండి కింది కాగితంలో తప్పుంటే అది గుమస్తా పొరపాటు. ఒక ఉత్తరం, రెండు జిరాక్సులతో తీరిపోతుంది. షీట్ రోల్‌లోనే తప్పుంటే పని వేరు, రుజువులు వేరు, పట్టే కాలం వేరు. ఇది తెలుసుకోకుండా అఫిడవిట్లు చేయించడం డబ్బు దండగ.

మీ నాన్నగారి పుట్టినతేదీ చూడండి. 06-01 కాస్తా 01-06 అయింది. రోజూ నెలా తారుమారైన కేసు ఇది, డేటా ఎక్కించేటప్పుడు జరిగిందని చూస్తేనే తెలుస్తోంది. షీట్ రోల్ 06-01 అంటే స్పర్శ్‌లో దిద్దడం కష్టం కాదు. ఆధార్‌లో ఉన్న జనవరి 1 సంగతి మీకు తెలిసిందే, తేదీ తెలియనివాళ్లకి అప్పట్లో అదే వేసేవారు. సర్వీసు రికార్డును ఆధార్‌కి సరిపోయేలా మార్చమని మాత్రం ఎప్పుడూ అడగకండి. చేరినప్పుడు రాసిన తేదీని డిశ్చార్జి అయ్యాక మార్చరు. ఆధార్‌నే సర్వీసు రికార్డుకు సరిపోయేలా మార్పించాలి. ఆధార్‌లో పుట్టినతేదీ సాధారణంగా ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి షీట్ రోల్ నకలు చేతికి వచ్చాకే ఆధార్ కేంద్రానికి వెళ్లండి.

అయిదు నెలల తేడాకి ఇంత గొడవ ఎందుకంటారేమో. 80 నిండగానే మూల పింఛను మీద 20 శాతం అదనంగా వస్తుంది, 85కి 30, 90కి 40. ఆ నెల ఎప్పుడన్నది ఈ తేదీయే చెబుతుంది.

పాత గన్నర్

సుబేదార్ గారు తేదీ గురించి చెప్పారు. నేను పతకాల గురించి చెబుతాను.

మొదట ఒక మాట. 20 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ కూడా మీ జాబితాలో లేదు, గమనించారా? 1983 ఫిబ్రవరిలో చేరితే 2003 ఫిబ్రవరికి 20 నిండాయి. డిశ్చార్జి డిసెంబరులో. డిశ్చార్జి బుక్కు తయారు చేసే పని ఇంటికి పంపడానికి నెలల ముందే మొదలవుతుంది. ఆ తర్వాత మంజూరైనవి అందులో ఎక్కవు. పరాక్రమ్ పతకం కూడా ఇదే కారణంతో పోయి ఉంటుంది. ఆపరేషను 2002లో ముగిసినా మెడల్ రోల్స్, అంటే పతకానికి అర్హుల జాబితాలు, తయారై పైకి వెళ్లేసరికి చాలామంది ఇళ్లకు వచ్చేశారు. ఈ రెండూ సులువైనవే. రికార్డ్ ఆఫీసు మెడల్ సెక్షన్లో ఇప్పటికే ఎక్కి ఉండే అవకాశం బాగా ఉంది, మీ బుక్కులోనే లేదు.

సియాచిన్ వేరు. అది అటాచ్‌మెంటు అన్నారు, చిక్కంతా అక్కడే. మెడల్ రోల్ తయారు చేసేది యూనిట్. సొంత రెజిమెంటు సియాచిన్‌లో లేదు కాబట్టి వాళ్లు రాయరు. అటాచ్ అయిన రెజిమెంటు తమ పోస్టెడ్ స్ట్రెంత్‌లో, అంటే తమ దగ్గరే పోస్టింగు ఉన్న లెక్కలో, ఉన్నవాళ్ల పేర్లే రాసి ఊరుకుంటుంది. మధ్యలో మనిషి జారిపోతాడు. సెలవులో ఉన్నవాడు, కోర్సుకు వెళ్లినవాడు, ఆసుపత్రిలో ఉన్నవాడు, అడ్వాన్స్ పార్టీతో ముందే కదిలినవాడు, వీళ్లంతా ఇలాగే జారిపోతారు. దీనికి కావలసిన రుజువు అటాచ్‌మెంటు మొదలైన, ముగిసిన పార్ట్ టూ ఆర్డర్ల నంబర్లు, తేదీలు. సియాచిన్ అలవెన్సు తీసుకున్న పే కాగితాలు ఎక్కడైనా దొరికితే అవి ఇంకా గట్టి సాక్ష్యం.

ద్రాస్ విషయంలో స్టార్ వేరు, మెడల్ వేరు అన్నది మరచిపోకండి. ఆపరేషన్ విజయ్ స్టార్ కార్గిల్, ద్రాస్, బటాలిక్ లాంటి పోరాట సెక్టార్లలో ఉన్నవాళ్లది. ఆపరేషన్ విజయ్ మెడల్ ఆ ఆపరేషను కోసం కదిలించిన మిగతావాళ్లది. చాలామంది అర్జీలో 'కార్గిల్ మెడల్' అని రాస్తారు. ఆ పేరుతో పతకమే లేదు. గుమస్తా ఏ రోల్ వెతకాలో తెలియక పక్కన పడేస్తాడు.

జమ్మూ కశ్మీరులో మొత్తం ఎన్ని నెలలు చేశారో కూడా కూడండి. అన్నీ కలిపి ఏడాది దాటితే సైన్య సేవా మెడల్‌కి జమ్మూ కశ్మీర్ క్లాస్ప్ (రిబ్బను మీద ప్రాంతం పేరుండే పట్టీ) వస్తుంది. ఆ పతకం ఒక్కటే, ప్రాంతం మారితే క్లాస్ప్ చేరుతుందే గాని రెండో పతకం రాదు.

డబ్బు సంగతి అడిగారు. ఇవేవీ పింఛను పెంచవు. నెల నెలా అలవెన్సు వచ్చేది శౌర్య పతకాలకే. 2017 ఆగస్టు నుంచి పరమవీర చక్రకు 20,000, వీర చక్రకు 7,000, శౌర్య చక్రకు 6,000, శౌర్యానికి ఇచ్చే సేనా మెడల్‌కు 2,000. అలాంటిది ఏదైనా ఉంటే గెజిట్లో తేదీతో సహా దొరుకుతుంది, రాష్ట్రపతి సచివాలయం నోటిఫికేషన్ పార్ట్ 1 సెక్షన్ 1లో ఉంటుంది. దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కృష్ణలంక

చాలా సాయం చేశారండీ. రెండు సందేహాలు. షీట్ రోల్ నకలు ఎలా తెప్పించాలి? ఇంకోటి, 1999లో ద్రాస్‌లోనే నాన్నగారి ముంజేతికి షెల్ ముక్క తగిలి మిలటరీ ఆసుపత్రిలో ఉన్నారు. డిశ్చార్జి బుక్కులో దాని మాటే లేదు. దీనికి పతకం ఏదైనా ఉందా?

సెక్షన్ ఆరు

నకలు కోసం ముందు రికార్డ్ ఆఫీసుకే మామూలు ఉత్తరం రాయండి. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్ క్యాంప్. ఇక్కడ మిగతావాళ్లు కూడా చదువుతారు కాబట్టి చెబుతున్నాను: మద్రాస్ రెజిమెంటు వెల్లింగ్టన్, ఎం.ఈ.జి. (మద్రాస్ ఇంజినీర్ గ్రూప్) బెంగళూరు, సిగ్నల్స్ జబల్‌పూర్, ఎ.ఎం.సి. (మెడికల్ కోర్) లక్నో. ఈ.ఎం.ఈ. (ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్లు), ఎ.ఓ.సి. (ఆర్డ్‌నెన్స్ కోర్) రెండూ మన సికింద్రాబాద్‌లోనే. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీ నావికులకు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్. డిశ్చార్జి అయ్యాక పాత యూనిట్‌కి రాయడం వల్ల లాభం లేదు, కాగితాలు అక్కడ ఉండవు.

ఉత్తరానికి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆన్‌లైన్ పోర్టల్లో ఇండియన్ ఆర్మీ ఎంచుకుని పెట్టొచ్చు. రుసుము 10 రూపాయలు, నకళ్లకు పేజీకి 2 రూపాయలు, గడువు 30 రోజులు. దరఖాస్తు నాన్నగారి పేరు మీదే, ఆయన సంతకంతోనే ఉండాలి. కొడుకు పేరుతో పెడితే మూడో వ్యక్తి సమాచారం అని సెక్షన్ 8(1)(జె) చూపించి తిప్పేస్తారు. చాలా దరఖాస్తులు పోయేది ఇక్కడే.

'నా రికార్డులో పతకాలు ఎందుకు లేవు' అని అడగకండి. ఎందుకు అన్నదానికి జవాబు చెప్పాల్సిన పని ఆ చట్టంలో లేదు. కాగితం అడగండి: షీట్ రోల్ ధృవీకరించిన నకలు, 1991 ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు నా పేరు మీద వచ్చిన పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు, నా నంబరుకు ఎదురుగా ఉన్న పతకాల ఎంట్రీల నకలు, 1999లో నా గాయానికి సంబంధించిన క్యాజువాల్టీ రిపోర్టు నకలు. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఆర్మీ నంబరు చివర ఉండే ఇంగ్లీషు అక్షరం వదిలేయకండి. అది అలంకారానికి పెట్టింది కాదు, నంబరు తప్పు పడలేదని సరిచూసుకోవడానికి పెట్టింది. అక్షరం తప్పయితే ఇంకొకరి కాగితాలు బయటికొస్తాయి, లేదా 'రికార్డు లేదు' అని జవాబొస్తుంది. మెడల్ రోల్స్‌లో పేరు దొరకనప్పుడు కూడా ముందు చూడాల్సింది ఇదే.

పింఛను లేకుండా వచ్చేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: మీ సర్వీసు కాగితాలు 25 ఏళ్లకు నాశనం చేస్తారు. ఆ తర్వాత లాంగ్ రోల్ అనే పేర్ల రిజిస్టరులో ఒక వరుస ఎంట్రీ మాత్రమే మిగులుతుంది. అడగదలచుకుంటే ఆ లోపే అడగాలి.

కాగితాల సుబేదార్

గాయం సంగతి. శత్రువు చర్యలో నేరుగా తగిలిన గాయానికి పతకం ఉంది. ఒకప్పుడు దాన్ని పరాక్రమ్ పదక్ అనేవారు, తర్వాత ఘావ్ పదక్, ఇంగ్లీషులో ఊండ్ మెడల్. గాయం నిజమా కాదా అని అక్కడ ఎవరూ అడగరు, దాన్ని ఏ వర్గం కింద రాశారన్నదే చూస్తారు. బ్యాటిల్ క్యాజువాల్టీ (పోరాటంలో గాయం) అని పార్ట్ టూ ఆర్డర్ వచ్చిందా, ఫిజికల్ క్యాజువాల్టీ (పోరాటంతో సంబంధం లేని గాయం) అని వచ్చిందా, లేక ఊరికే 'ఆసుపత్రిలో చేరాడు, వచ్చాడు' అని వదిలేశారా? చిన్న గాయమై పది పదిహేను రోజుల్లో తిరిగి డ్యూటీకి వెళ్లినవాళ్ల విషయంలో ఈ చివరిది జరుగుతుంటుంది. యుద్ధం మధ్యలో గుమస్తా పని వెనకబడుతుంది, తర్వాత ఎవరూ వెనక్కి చూడరు.

బ్యాటిల్ క్యాజువాల్టీ అని ఉంటే పతకం అర్జీ మామూలు అర్జీయే. లేకపోతే ముందు ఆ వర్గీకరణ మార్పించాలి, దానికి ఐ.ఎ.ఎఫ్.వై. 2006 అనే ఇంజురీ రిపోర్టు, ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పు కావాలి. ఆసుపత్రి కాగితంలో 'స్ప్లింటర్ ఇంజురీ' అన్న మాట ఉందో లేదో చూడండి, ఆ ఒక్క మాట కేసును నిలబెడుతుంది. డిశ్చార్జి అప్పుడు లో మెడికల్ కేటగిరీలో ఉండి ఉంటే రిలీజ్ మెడికల్ బోర్డు కాగితం, అంటే ఎ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్. 16, కూడా అడగండి. షేప్ వన్‌లో, అంటే పూర్తి ఆరోగ్యవంతుల కేటగిరీలో, ఇంటికి వచ్చి ఉంటే వార్ ఇంజురీ పింఛను మీద ఆశ పెట్టుకోకండి, పతకం వరకే చూడండి.

ఇప్పుడు అమ్మగారి పేరు. నా లెక్కలో మీ పనులన్నింటిలో మొదటిది ఇదే, తేదీ కన్నా ముందు. నాన్నగారు ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ కనబడదు. ఫ్యామిలీ పింఛను అడగాల్సి వచ్చిన రోజున పి.పి.ఓ.లో సుబ్బమ్మ, ఆధార్‌లో బ్యాంకులో వెంకట సుబ్బలక్ష్మి అంటే ఇద్దరు మనుషుల కింద లెక్క. అప్పుడు దిద్దించుకోవడం ఆమె ఒక్కరి మీద పడుతుంది. ఇప్పుడైతే నాన్నగారి సంతకం చాలు.

సుబ్బమ్మ అన్నది ఇంట్లో పిలిచే పేరు, పెళ్లి పార్ట్ టూ ఆర్డర్‌లో అదే వెళ్లి ఉంటుంది. మన వైపు ఇది మామూలే. అక్షరం తేడా అయితే తేలిగ్గా పోయేది. ఇది పేరు తేడా కాబట్టి నాన్నగారు, అమ్మగారు ఇద్దరూ కలిసి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందు చేసిన అఫిడవిట్, ఒక ఇంగ్లీషు పత్రికలో ఒక తెలుగు పత్రికలో ప్రకటన, ఆ పత్రికల పూర్తి పేజీలు (కత్తిరించిన ముక్క పంపితే తేదీ కనబడక తిప్పి పంపుతారు), ఆ రెండు పేర్లూ ఒకరివేనని తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్, అమ్మగారి ఆధార్, పాన్, ఇద్దరి జాయింట్ ఫొటో. ఇవన్నీ జిల్లా సైనిక వెల్ఫేర్ ఆఫీసరు కౌంటర్ సంతకంతో నాసిక్ రోడ్‌కి. అక్కడ పార్ట్ టూ ఆర్డర్ అవుతుంది, తర్వాత కొరిజెండమ్ పి.పి.ఓ. అఫిడవిట్‌లో రెండు పేర్లూ ఆయా కాగితాల్లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

ఇంటిపేరు దగ్గర ఇంకో చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, స్పర్శ్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని గడులుంటాయి. పొడి అక్షరాన్ని ఒకచోట విప్పి, ఒకచోట విప్పకపోతే లైఫ్ సర్టిఫికెట్ దగ్గర ఆధార్‌తో కలవక ఆగిపోతుంది. నాన్నగారి పేరు కూడా ఈ చూపుతో ఒకసారి చూసుకోండి.

గోదారిగట్టు

నేను చెప్పింది తప్పే, దిద్దినందుకు ధన్యవాదాలు సుబేదార్ గారూ. ఒక్క ప్రశ్న. పతకాల అర్జీ, పేరు అర్జీ కలిపి ఒకే కవరులో పెట్టకూడదా? రెండూ నాసిక్ రోడ్‌కే కదా.

పాత గన్నర్

ఒకే కవరులో పెట్టొచ్చు, ఒకే ఉత్తరంలో మాత్రం వద్దు. రికార్డ్ ఆఫీసులో పింఛను సెక్షన్ వేరు, పతకాలు చూసే సెక్షన్ వేరు. ఒకే ఉత్తరం రాస్తే అది మొదటి సెక్షన్‌కి పోతుంది, వాళ్ల భాగం తేల్చి ఫైల్ చేసేస్తారు. రెండో భాగం చదివేవాడు ఉండడు. నన్నడిగితే కవర్లు కూడా వేరు చేయమంటాను, స్పీడ్ పోస్ట్ రసీదు దేనికి దానికి ఉంటుంది.

పతకాల ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. పైన నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, పి.పి.ఓ. నంబరు. కింద ఒక పట్టిక: పతకం అసలు పేరు, క్లాస్ప్ ఉంటే అది, ఎక్కడ, అప్పటి యూనిట్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పార్ట్ టూ ఆర్డర్ నంబరు. అడగాల్సింది రెండే మాటలు. అర్హత ఎక్కి ఉంటే డిశ్చార్జి బుక్కులో ఎండార్స్ చేయండి (అంటే ఎక్కించి సంతకం చేయండి), లేకపోతే క్లెయిమ్ మొదలుపెట్టండి. యుద్ధ వర్ణనలు వద్దు. డిశ్చార్జి బుక్కు అసలుది వాళ్లు అడిగేదాకా పంపకండి. అడిగినప్పుడు ప్రతి పేజీ స్కాన్ చేసుకుని పంపండి.

ఎంట్రీ వేరు, లోహపు పతకం వేరు. ఎంట్రీ కొన్ని నెలల్లో అవుతుంది, పతకం చేతికి రావడం ఏళ్లు పట్టొచ్చు, సరఫరాలో బకాయిలు పాతవే. ఎంట్రీ ఉంటే జనవరి 26న పెట్టుకోవడానికి సికింద్రాబాద్ తిరుమలగిరి వైపు మిలటరీ సామాను దుకాణాల్లో నమూనా కొని వేసుకోవచ్చు, అందులో తప్పేం లేదు. ఎంట్రీ లేకుండా కొని వేసుకోవడమే తప్పు.

సెక్షన్ ఆరు

చివరి దారి కూడా చెబుతాను, అవసరం పడకపోవచ్చు. రికార్డ్ ఆఫీసు కాదంటే, ఆ కాదన్న ఉత్తరం తేదీ నుంచి ఆరు నెలల్లోపు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ కింద వస్తాయి. అసలు జవాబే రాకపోతే అర్జీ పెట్టిన ఆరు నెలలు ఆగి, ఆ తర్వాతి ఆరు నెలల్లోపు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గాని, ఇరవై ఏళ్లు ఏం చేశారన్న ప్రశ్న తప్పదు. ఫోన్లో 'అవ్వదు' అన్నది ఎక్కడా లెక్కలోకి రాదు, కాగితం మీద రావాలి. అందుకే మొదటి ఉత్తరం నుంచే రసీదులు తేదీ వరసన గుచ్చి పెట్టండి.

కృష్ణలంక

అర్థమైంది. సోమవారం అమ్మ అఫిడవిట్ కోసం కోర్టుకు, అక్కణ్ణుంచి జిల్లా సైనిక వెల్ఫేర్ ఆఫీసుకు వెళ్తున్నాం. షీట్ రోల్ కోసం ఉత్తరం ఈ రోజే నాన్నగారితో సంతకం పెట్టిస్తున్నా. జాయింట్ ఫొటో ఎంత సైజు ఉండాలి?

కాగితాల సుబేదార్

సైజు జిల్లా ఆఫీసులోనే కనుక్కోండి, రికార్డ్ ఆఫీసును బట్టి మారుతుంది. ఆరు కాపీలు తీయించండి. వెనకాల నాన్నగారి నంబరు పెన్సిలుతో రాయండి, పెన్నుతో రాస్తే ముందుకు తేలుతుంది.